బీరువాలో దాచిన పళ్ళ సెట్టు

(పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశంలో ఒక దంత వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, వెనక ఫ్యాన్ల కింద చోటు చూసుకుని కూర్చున్న అమ్మలకు కూడా. మైకు అక్కడిదాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

ఈ సమావేశం కబురు పంపేటప్పుడు సెక్రటరీ గారితో ఒక మాట రాయించాను. ఇంట్లో వాడకుండా పక్కన పెట్టేసిన పళ్ళ సెట్టు ఉంటే రుమాల్లో చుట్టుకుని వెంట తెచ్చుకోండి అని. ఇందాక లోపలికి వస్తూ చూశాను. చాలామంది చేతుల్లో చిన్న చిన్న మూటలున్నాయి, స్టీలు డబ్బాలున్నాయి. నా మాట మన్నించి తెచ్చినందుకు సంతోషం వేసింది. ఇన్ని సెట్లు నోట్లో ఉండకుండా డబ్బాల్లో ఉన్నాయే అని బాధా వేసింది. ఒక్కో సెట్టు కోసం మీరు ఐదారుసార్లు ఆస్పత్రికి తిరిగారు. డబ్బు పెట్టారు. ఇక పల్లీలు నమలొచ్చు అని ఆశపడ్డారు.

మా మామ్మకి నేను ఏడో తరగతిలో ఉండగా పళ్ళు కట్టించారు. నెల తిరక్కుండానే ఆ సెట్టు కనపడకుండా పోయింది. అడిగితే "ఎందుకులేవే, నాకు ఇదే హాయి" అనేది. ఆవిడ పోయాక బీరువా సర్దుతుంటే పట్టుచీరల మడతల్లో దొరికింది. ఒక్క గీత కూడా పడలేదు, కొత్తదానిలాగే ఉంది. ఆఖరి పన్నెండేళ్ళూ ఆవిడ మెత్తటి పప్పన్నం, మజ్జిగన్నం, పాలల్లో నానేసిన బిస్కెట్లతోనే గడిపింది. ఎక్కడ గుచ్చుకుంటోంది మామ్మా అని ఇంట్లో ఎవ్వరం అడగలేదు. పళ్ళ డాక్టరునయ్యాక తెలిసింది, ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే పది నిమిషాల పని అది.

అందుకే ఈ రోజు కట్టుడు పళ్ళు ఎలా పనిచేస్తాయో చెబుతాను. ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఎందుకు ఇబ్బంది పెడతాయో మీకే అర్థమవుతుంది.

కళ్ళజోడు పెట్టుకున్న మరుక్షణం పేపరు కనిపిస్తుంది. పళ్ళ సెట్టు కూడా అలాగే అనుకుంటారు చాలామంది. అక్కడే వస్తుంది చిక్కు. సెట్టు సైకిల్ లాంటిది. కొన్న రోజునే తొక్కలేరు. మీ నాలుక, బుగ్గలు, పెదాలు దాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. సెట్టు తయారుచేయడం నా సగం పని. మిగతా సగం మీ నోరు చేస్తుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాల్లోనే చాలామంది విసిగిపోయి తీసి పక్కన పెడతారు.

సొంత పన్ను దవడ ఎముకలో పాతుకుని ఉంటుంది. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది. మీరు గట్టి వక్క కొరికితే ఆ నారలు ఉయ్యాల తాళ్ళలాగా ఆ బరువును మోస్తాయి. అన్నంలో చిన్న రాయి వస్తే ఠక్కున నమలడం ఆపేస్తాం కదా, ఆ కబురు మెదడుకి పంపేదీ ఆ నారలే. ఒక దవడలోని పళ్ళన్నిటి చుట్టూ ఉన్న ఈ పొరను పరిచి కొలిస్తే సుమారు 45 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. పళ్ళన్నీ పోయాక ఆ బరువంతా మోయాల్సింది చిగురు ఒక్కటే. పై సెట్టుకి దొరికే చోటు దాదాపు 23 చదరపు సెంటీమీటర్లు. కింద సెట్టుకి 12. అంటే ఒక పెద్ద సైజు తపాలా బిళ్ళంత. పోస్టాఫీసులో పనిచేసిన వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆ బిళ్ళని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ కాస్త చోటులో, మెత్తటి తడి చర్మం మీద ప్లాస్టిక్ పళ్ళు నిలబడి మీకు చేగోడీలు నమిలిపెట్టాలి. సొంత పళ్ళతో నమిలే బలంలో నాలుగో వంతో, ఐదో వంతో వస్తే అది మంచి సెట్టే. ఈ మాట ముందే చెప్పకుండా సెట్టు చేతిలో పెట్టడం డాక్టర్ల వైపు నుంచి జరిగే తప్పు. మాలో చాలామందిమి చేస్తాం.

మరి పై సెట్టు ఊడి కింద పడకుండా ఎలా నిలబడుతుంది? రెండు గాజు పలకల మధ్య ఒక చుక్క నీళ్ళు వేసి నొక్కండి. లాగితే రావు, పక్కకి జార్చితే తప్ప. పై సెట్టుకీ అంగిలికీ మధ్య లాలాజలం చేసే పని అదే. సెట్టు అంచులు చుట్టూరా చిగురుని మెత్తగా అంటిపెట్టుకుని గాలి లోపలికి దూరకుండా చూస్తాయి. అందుకే పై సెట్టు అంగిలంతా కప్పేలా చేస్తాం. "అమ్మా, వెనక భాగం కోసెయ్యండి, వాంతి వచ్చినట్టుంది" అని అడుగుతుంటారు. కోసేస్తే ఆ పట్టు పోతుంది. గొంతు దగ్గర అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే దాన్ని సరిచేస్తాం, అంతే.

ఈ సంగతి జపాన్ వాళ్ళకి చాలా ముందే తెలుసు. అక్కడ 1538లో చనిపోయిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన పై సెట్టు ఇప్పటికీ ఉంది. చెక్కతో చెక్కింది, అంగిలికి అతుక్కునేలా ఒంపులు తీర్చింది. ఆ తర్వాత ఎంతో కాలానికి, 18వ శతాబ్దంలో కూడా, యూరప్‌లో పైదీ కిందదీ స్ప్రింగులతో కలిపి నోట్లో పెట్టుకునేవారు. నోరు మూసి ఉంచడానికే కష్టపడాల్సి వచ్చేది. 1850ల్లో గట్టి రబ్బరు వచ్చింది, 1930ల్లో ఇప్పుడు మనం వాడే యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ వచ్చింది. పదార్థం మారింది కానీ సెట్టు నిలబడే సూత్రం మాత్రం ఆ సన్యాసిని నాటిదే.

లాలాజలం ఉంటేనే ఆ పట్టు. బీపీ మందులు, నిద్ర మందులు, డిప్రెషన్ మందులు కొన్ని నోరు ఎండబెడతాయి. షుగర్ అదుపులో లేకపోయినా నోరు ఎండుతుంది. నిన్నటిదాకా బాగున్న సెట్టు ఉన్నట్టుండి వదులైందంటే నేను ముందు మందుల చీటీ చూపించమంటాను.

కింద సెట్టు సంగతి వేరు. అక్కడ అంగిలి లేదు, నాలుక ఉంది. గుర్రపు నాడా ఆకారంలో సన్నటి సెట్టు, మధ్యలో ఎప్పుడూ కదిలే నాలుక. పట్టు దాదాపు ఉండదు. నాలుకని వెనక్కి లాక్కునే అలవాటు ఉన్నవాళ్ళకి సెట్టు పైకి లేస్తుంది. నాలుక కొసని ముందు పళ్ళ వెనక ఆనించి ఉంచడం అలవాటు చేసుకుంటే కూర్చుంటుంది. ఇప్పుడే, ఇక్కడే చేసి చూడండి. సెట్టు లేనివాళ్ళు కూడా. ఆ... అలాగే.

ఇప్పుడు మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న. "పదేళ్ళు బాగా పనిచేసిన సెట్టు ఇప్పుడెందుకు గలగలలాడుతోంది?" సెట్టు మారలేదు, మీ దవడ మారింది. పన్ను పీకాక అక్కడి ఎముకకి పని లేదు. పని లేని ఎముకని శరీరం మెల్లగా కరిగించేస్తుంది. మొదటి ఏడాది బాగా వేగంగా, ఆ తర్వాత నిదానంగా, కానీ జీవితాంతం. సెట్లు వాడేవాళ్ళని ఇరవై ఐదేళ్ళ పాటు కనిపెట్టి చూసిన పరిశోధన 1972లో అచ్చైంది. పై దవడ కంటే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కరిగిందని అందులో తేలింది.

ఒక పెద్దాయన పద్ధెనిమిదేళ్ళ నాటి సెట్టుతో వచ్చారు. నోట్లోంచి తీస్తే కింద సెట్టు అడుగున పాత పంచె గుడ్డ పీలిక మడిచి పెట్టి ఉంది. వదులుని ఆయన గుడ్డతో సర్దుకున్నారు, రోజూ పీలిక మార్చుకుంటూ. అంచు నొక్కుకున్న చోట చిగురు మడతలు మడతలుగా పెరిగిపోయింది, పూల రెక్కల్లాగా. అంత నొప్పీ ఆయన ఏళ్ళ తరబడి ఓర్చుకున్నారు, పిల్లల్ని డబ్బు అడగడం ఇష్టం లేక. పాత సెట్టు కొన్నాళ్ళు మాన్పించి, ఆ మడతలు తగ్గాక, మిగిలినవి చిన్న ఆపరేషన్‌తో తీసి అప్పుడు కొత్త సెట్టు చేశాం. సెట్టు అడుగున కొత్త పొర వేసి బిగుతు చేయొచ్చు. ఐదు నుంచి ఏడేళ్ళకి ఒకసారి కొత్తది కావాలా అని ఆలోచించాలి. బాగానే ఉందనుకున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి.

ఎముక మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెబుతాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. "ఈ నాలుగు పళ్ళూ ఎందుకమ్మా, అన్నీ పీకేసి ఒకేసారి సెట్టు కట్టెయ్యండి" అంటుంటారు. ఆ మాట అనకండి. కింద రెండు కోర పళ్ళు గట్టిగా ఉన్నా చాలు. పైభాగం కోసి, వేరు వైద్యం, అదే రూట్ కెనాల్, చేసి, పంటి వేళ్ళని అలాగే ఉంచి వాటి మీద సెట్టు పెట్టొచ్చు. అలా కోర పళ్ళ వేళ్ళు నిలిపినవాళ్ళనీ అన్నీ పీకించుకున్నవాళ్ళనీ ఐదేళ్ళు పోల్చి చూసిన పరిశోధన 1978లో వచ్చింది. కింది దవడ ముందు భాగంలో అన్నీ పీకించుకున్నవాళ్ళకి 5 మిల్లీమీటర్ల పైన ఎముక పోయింది. వేళ్ళు ఉంచుకున్నవాళ్ళకి 0.6 మిల్లీమీటరు. ఐదు మిల్లీమీటర్లంటే మీ చిటికెన వేలి గోరులో సగం. నోట్లో అది చాలా పెద్ద తేడా. కుదిరినంత వరకు వేళ్ళు కాపాడమని మీరే డాక్టరుని అడగండి.

ఇక తయారీ. మొదట పొడి కలిపిన ముద్దతో మామూలు అచ్చు. దాని మీద మీ నోటికే సరిపోయే ట్రే చేసి రెండోసారి కొలత తీస్తాం. ఆ రెండోసారి వాడే పేస్టులో లవంగ నూనె సారం ఉంటుంది. నోరంతా ఘాటుగా వాసన వేస్తుంది, భయపడొద్దు. బుగ్గలు లాగమంటాం, నాలుక బయటికి పెట్టమంటాం, "ఊ" అనమంటాం. సెట్టు అంచు ఎంత దూరం రావొచ్చో మీ కండరాలే ఆ పేస్టు మీద గీసి చెబుతాయి. ఆ రోజు సిగ్గుపడి నోరు బిగబట్టుకుంటే సెట్టు తర్వాత గుచ్చుకుంటుంది. తర్వాత మైనం దిమ్మెలతో దవడల ఎత్తు చూస్తాం. ఆపైన మైనంలో పళ్ళు అమర్చి ట్రయల్. అన్నీ కుదిరాక మైనం కరిగించి ఆ చోటులో యాక్రిలిక్ నింపి, 74 డిగ్రీల నీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తారు. పులిహోరకి అన్నం వార్చినంత జాగ్రత్త కావాలి దానికి. తొందరపడి ఒక్కసారిగా మరిగిస్తే లోపల బుడగలు పడతాయి, సెట్టు తర్వాత పగులుతుంది. ల్యాబ్‌లో ఆ పని చేసే టెక్నీషియన్లు మీకు ఎప్పుడూ కనిపించరు. మీ నవ్వులో సగం వాళ్ళ చేతి పని.

ఈ మొత్తంలో మీరు నోరు విప్పాల్సిన రోజు ట్రయల్ రోజు. అప్పటికి పళ్ళు ఇంకా మైనంలోనే ఉంటాయి, ఏదైనా మార్చొచ్చు. అద్దం అడగండి. మీ పాత ఫొటో తీసుకురండి, పెళ్ళినాటిదైనా సరే. ముందు పన్ను కాస్త వంకర ఉండేదంటే ఆ వంకరే పెట్టించుకోండి. ఇంట్లోవాళ్ళని ఒకరిని వెంట తెచ్చుకోండి. అంతకంటే ముఖ్యం, మాట్లాడి చూడండి.

మాట్లాడటం గురించి నాకు పాఠం చెప్పింది ఒక రిటైరైన తెలుగు మాస్టారు. సెట్టు ఇచ్చిన నాలుగో రోజు వచ్చారు. నొప్పి లేదు, అన్నం తినగలుగుతున్నారు. అయినా ముఖం దిగాలుగా ఉంది. "అమ్మా, చీమ వస్తోంది, చాప రావడం లేదు" అన్నారు. నాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చునే నాకు విడమర్చి చెప్పారు. తెలుగులో చ రెండు రకాలు. చీమ, చెట్టు, చేను అన్నప్పుడు నాలుక అంగిలిని తాకుతుంది, అది తాలవ్యం. చాప, చల్ల, చుట్ట అన్నప్పుడు నాలుక కొస పై పళ్ళ వెనక్కి వెళుతుంది, అది దంత్యం. పాత పుస్తకాల్లో దంత్యం కోసం చ నెత్తిన చిన్న రెండు అంకె వేసేవారు. జ కూడా అంతే. జీతం ఒక రకం, జల్లెడ ఇంకో రకం. నేను పుట్టినప్పటి నుంచీ పలుకుతున్న మాటలే, ఎప్పుడూ గమనించలేదు.

సెట్టు తీసి చూశాను. ముందు పళ్ళ వెనక ప్లాస్టిక్ కాస్త మందంగా ఉండిపోయింది. నాలుక కొసకి చోటు చాలక గాలి పక్కనుంచి జారి ఈల వేస్తోంది. కాస్త అరగదీశాను. పెట్టుకుని "చాప" అనమన్నాను. రాలేదు. ఇంకాస్త అరగదీశాను. మూడోసారికి ఆయన "చాప, చల్ల, చుట్ట, జల్లెడ, జున్ను" అని గడగడా చదివేశారు. అంతటితో ఆగకుండా కుర్చీలోంచి లేచి గొంతెత్తి ఒక పద్యం అందుకున్నారు. బయట కూర్చున్న పేషెంట్లందరూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అరగదీసిందంతా కలిపినా ఒక మిల్లీమీటరు ఉండదు. ఆయనకి ఆ మిల్లీమీటరులో ముప్పై ఐదేళ్ళ ఉద్యోగం ఉంది.

అప్పటి నుంచి ట్రయల్ రోజున అందరి చేతా ఈ మాటలు పలికిస్తున్నాను. మా పాఠ్యపుస్తకాల్లో ఇంగ్లీషులో అరవై నుంచి డెబ్బై దాకా లెక్కపెట్టించమని ఉంటుంది. ఇంగ్లీషు స పలుకుతుందో లేదో దానితో తెలుస్తుంది. కానీ మన పెద్దవాళ్ళు రోజంతా మాట్లాడేది తెలుగు. చల్ల సరిగ్గా పలకని సెట్టు మన ఇంట్లో నిలవదు.

ఇప్పుడు మన ఉత్తరాంధ్రకి సంబంధించిన ఒక సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని. ఆ వేడి, ఆ పొగ తిన్నగా అంగిలికి తగులుతాయి. మన రాష్ట్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలిలో వచ్చే మార్పుల్ని రాసిన పరిశోధన 1971లోనే అచ్చైంది. అంగిలి క్యాన్సర్‌కి ఇది దారి తీస్తుంది. పై సెట్టు పెట్టేస్తే ఆ అంగిలి కనపడకుండా కప్పబడిపోతుంది.

ఒక ముసలమ్మని కొడుకు తీసుకొచ్చాడు, మనవరాలి పెళ్ళి లోపల పళ్ళు కావాలని. టార్చి వేసి చూస్తే అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో ఉంది. ఒక చోట పుండు మానడం లేదు. అచ్చు తీయలేదు నేను. పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాను. కొడుక్కి కోపం వచ్చింది, పెళ్ళి దగ్గర పడుతోందని. రిపోర్టు వచ్చాక ఇంకేమీ అనలేదు. క్యాన్సరే, కానీ ముందుగా దొరికింది కాబట్టి ఆపరేషన్‌తో నయమైంది. పెళ్ళిలో ఆవిడకి పళ్ళు లేవు, ఫొటోలో బోసినవ్వుతో ఉంది. ఆ ఫొటో నాకు పంపారు. మీ ఇంట్లో, మీ ఊళ్ళో అడ్డపొగ తాగే అమ్మలు ఉంటే, సెట్టు ఉన్నా లేకపోయినా, అంగిలి ఒకసారి చూపించమని చెప్పండి.

రోడ్డు పక్కన గంటలో పళ్ళు కట్టిచ్చేవాళ్ళ గురించి పెద్దగా చెప్పను. పక్కనున్న మంచి పళ్ళకి ప్లాస్టిక్ అతికించేస్తారు. తీసి కడగడానికి వీలుండదు, దాని కింద అన్నం కుళ్ళి ఆ మంచి పళ్ళూ పోతాయి. పై సెట్టుకి రబ్బరు బిళ్ళ బిగిస్తారు కొందరు, అది ఏళ్ళ తరబడి లాగి లాగి అంగిలికి చిల్లు పెట్టిన కేసులున్నాయి. డబ్బు లేక వెళ్ళేవాళ్ళు గవర్నమెంట్ డెంటల్ కాలేజీకి వెళ్ళండి. పీజీ విద్యార్థులు ఓపిగ్గా, ప్రొఫెసర్ల కళ్ళ ముందు చేస్తారు. 60 దాటిన పేదవాళ్ళకి కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ పథకం అని 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టింది. చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళజోడుతో పాటు కట్టుడు పళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మీకు అవసరం లేకపోవచ్చు, మీ ఇంట్లో పనిచేసే పెద్దావిడకి ఉండొచ్చు.

స్తోమత ఉన్నవాళ్ళకి ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే లోహపు మరలు. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి సెట్టుని వాటికి గుండీల్లాగా తగిలిస్తే కింద సెట్టు కష్టాలు చాలావరకు తీరతాయి. పళ్ళు పూర్తిగా పోయిన కింది దవడకి మొదటి ఎంపిక అదే కావాలని 2002లో కెనడాలోని మెగిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు తీర్మానించారు. నేనూ ఒప్పుకుంటాను. షుగర్ అదుపులో ఉండాలి, చుట్టా సిగరెట్టూ మానాలి.

కొత్త సెట్టుతో మొదటి వారం ఇడ్లీ, ఉప్మా, పెసరపప్పు అన్నం. చిన్న ముద్ద, రెండు వైపులా నమలండి. ఒక పక్కనే నమిలితే రెండో పక్క లేస్తుంది. జామకాయ ముందు పళ్ళతో కొరకొద్దు, ముక్కలు కోసుకోండి. ఆవకాయ ముక్క తినండి, టెంక పక్కన పెట్టండి. నువ్వుగింజ, టమాటా గింజ సెట్టు కిందకి దూరి సూదిలా గుచ్చుకుంటాయి, తిన్న వెంటనే తీసి పుక్కిలించండి. రుచి తెలియట్లేదని బెంగపెట్టుకోకండి, రుచి ఎక్కువగా నాలుక మీదే ఉంది, కొన్నాళ్ళకి తిరిగొస్తుంది. వేడి మాత్రం జాగ్రత్త. అంగిలి కప్పి ఉంటుంది కాబట్టి కాఫీ ఎంత వేడిగా ఉందో గొంతులోకి దిగాకే తెలుస్తుంది.

పుండు పడితే సెట్టు మానేసి, డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాత్రం కొన్ని గంటల ముందు పెట్టుకుని రండి. ఎర్రబడిన చోటు కనపడితేనే ఎక్కడ అరగదీయాలో తెలుస్తుంది. ఇంట్లో ఆకురాయితో, బ్లేడుతో గీక్కోవద్దు. విరిగితే జిగురుతో అతికించొద్దు, ముక్కలన్నీ పట్టుకుని రండి.

రాత్రి తీసెయ్యాలి. ఇది నేను బతిమాలి చెప్పే మాట. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన 524 మందిని చూసిన పరిశోధన 2015లో వచ్చింది. సెట్టుతోనే నిద్రపోయేవాళ్ళకి న్యుమోనియా ముప్పు దాదాపు రెండింతలు కనిపించింది. రాత్రంతా కప్పి ఉంచిన చిగురు మీద ఫంగస్ పెరుగుతుంది, అంగిలి ఎర్రగా పూస్తుంది, పెదాల మూలలు పగులుతాయి. తీసి, మెత్తటి బ్రష్షుతో, మామూలు సబ్బుతో తోమండి. పళ్ళు తోముకునే పేస్టు గరుకు, గీతలు పెడుతుంది. సింకులో నీళ్ళు పోసి దాని మీద పట్టుకుని కడగండి, చేయి జారినా పగలదు. మూత ఉన్న డబ్బాలో చల్లటి నీళ్ళలో ఉంచండి. మరిగే నీళ్ళు పోస్తే సెట్టు వంగిపోతుంది.

ఒకటి రెండు పళ్ళకి తీగల క్లిప్పులతో చిన్న సెట్టు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా వినండి. నిద్రలో మింగేసే ప్రమాదం ఉంది. గొంతులో ఇరుక్కుంటే మామూలు యాక్రిలిక్ ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు, వెతకడమే కష్టం. వదులైన చిన్న సెట్టుని ఒక్క రాత్రి కూడా నోట్లో ఉంచుకోకండి. ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టరుకి సెట్టు ఉందని ముందే చెప్పండి.

ఇక ప్రశ్నలు. ... ఆయన అడుగుతున్నది సెట్టు అతికించే పేస్టు గురించి. వాడొచ్చు బాబాయ్, బఠాణీ గింజంత, జింక్ లేనిది చూసి కొనండి. రోజురోజుకీ ఎక్కువ కావాల్సి వస్తోందంటే పేస్టు మార్చడం కాదు, సెట్టు చూపించాలి.

ఆ అమ్మ ఏమంటున్నారు? ... రాత్రి తీసేస్తే ఆయన ముందు సిగ్గుగా ఉంటుందంటున్నారు. అమ్మా, ఈ మాట చాలామందికి ఉంది, పైకి అనరు, మీరు అన్నారు. లైటు ఆర్పాక తీసి, పొద్దున్న ఆయన లేవక ముందే పెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు. అదీ కుదరకపోతే మధ్యాహ్నం పూజ గదిలో ఉన్నప్పుడో, నడుం వాల్చినప్పుడో తీసి చిగురుకి గాలి తగలనివ్వండి. రాత్రి తీయడమే మంచిది, అది కుదిరేదాకా ఇదైనా చెయ్యండి.

చివరి వరసలోంచి, చిగుళ్ళతోనే అన్నీ తింటున్నాను, సెట్టు ఎందుకు అంటున్నారు. తినగలిగేవాళ్ళు ఉన్నారండీ, నేను కాదనను. ఒక్కటి చెప్పండి, పోయిన వారంలో పచ్చి క్యారెట్ తిన్నారా? జామకాయ? గోంగూర మటన్? ... లేదు కదా. పళ్ళు పోయినవాళ్ళ కంచంలోంచి మొదట జామకాయలాంటి పండ్లూ కూరగాయలూ పోతాయి, తర్వాత మాంసం పోతుంది. మిగిలేది మెత్తటి అన్నం. షుగర్ ఉన్న మనిషికి అది మంచిది కాదు. మీరు ఒకసారి చూపించుకుని, అప్పుడు వద్దనుకుంటే వద్దనుకోండి.

సరే, కాఫీలు వస్తున్నట్టున్నాయి. నేను టార్చి, అరగదీసే మెషిను, ఒక పెట్టె గ్లవ్స్ తెచ్చుకున్నాను. డబ్బాల్లో సెట్లు తెచ్చినవాళ్ళు కిటికీ పక్క బల్ల దగ్గరికి ఒక్కొక్కరే రండి. ముందు ఆ మూల కుళాయి దగ్గర సెట్టు కడిగి, నోట్లో పెట్టుకుని రండి. ఎక్కడ గుచ్చుకుంటోందో వేలితో చూపించండి.